జర తగ్గిస్తే చాలు

2025 జనవరి 20, సోమవారం

బెంగళూరు నుంచి మెయిలు వచ్చింది. సర్టిఫికెట్ చేతికి రావాలంటే ఇంకా రెండు కాగితాలు పంపాలట. ఒకటి, చేతులతో ఎముకలు, కండలు సరిచేసే ఈ ఆస్టియోపతి విద్య పెద్దల చరిత్ర మీద పది పేజీల వ్యాసం. రెండోది, నా చేతులతో నయం చేసిన ఒక రోగి వివరం, నాలుగు సిట్టింగులకు తగ్గకుండా. గడువు మార్చి పదిహేను.

నలభై తొమ్మిదేళ్లకు మళ్లీ పరీక్ష. రెండేళ్లుగా మూడు నెలలకోసారి రైలెక్కి పోయి నేర్చుకున్నాను. ఇప్పుడు పది పేజీల దగ్గర ఆగిపోతే గోదావరిఖని అంతా నవ్వుతుంది. ఇక్కడ జనం నన్ను డాక్టరమ్మ అంటారు. కాదని చెప్పడం ఎప్పుడో మానేశాను.

నాన్నను బొగ్గు బాయి మీద అందరూ ఎముకల యేసయ్య అనేవారు. ఆయన ఉద్యోగం ఫస్ట్ ఎయిడ్ డబ్బా మోయడం. కానీ జారిన భుజం, మెలిపడ్డ చీలమండ ఆయన చేతిలో పడితే చాలు, కుదురుకునేవి. పోయేదాకా ఆయన దగ్గర ఒక్క కాగితం లేదు. నాకు కాగితం కావాలి.

జనవరి 22

వ్యాసం మొదలుపెట్టాను. మొదటి పెద్ద ఆండ్రూ టేలర్ స్టిల్. అమెరికాలో ఊరూరా తిరిగి బైబిలు వాక్యం చెప్పే అయ్యగారి కొడుకు. చిన్నప్పుడు తలనొప్పి వస్తే రెండు చెట్ల మధ్య తాడు కట్టి, దాని మీద మెడ ఆనించి పడుకున్నాడట. లేచేసరికి నొప్పి పోయింది. అక్కడ మొదలు. తర్వాత తానే వైద్యుడయ్యాడు. 1864లో మెదడు జ్వరం వచ్చి ముగ్గురు పిల్లలు రోజుల తేడాలో పోయారు. తనకు తెలిసిన మందులేవీ పనిచేయలేదు. మందుల మీద మనసు విరిగి ఎముకలను పట్టుకున్నాడు. చేతులతో బాగు చేస్తుంటే అది సాతాను పని అని సంఘంవాళ్లే దూరం పెట్టారట.

ఆ ముక్క రెండుసార్లు చదివాను. నన్నూ అన్నారు, అంత పెద్ద మాట కాకపోయినా.

జనవరి 23, గురువారం

సుగుణమణి అక్క బావను తీసుకుని వచ్చింది. శాంతిరాజ్ బావ నా గదికి రావడం ఇదే మొదలు. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ నుంచి ఆటోలో నిలబడలేక, కూర్చోలేక మోకాళ్ల మీద వచ్చాడట. ఆరేళ్ల కింద బాయిలో పైకప్పుకు దుంగ ఆనిస్తుంటే కాలు జారింది. అప్పటి నుంచి ఎడమ పక్కకు వంగి, కింద పడ్డదేదో వెతుకుతున్నట్టు నడుస్తాడు. బాయి దిగనక్కర లేకుండా పైన, సర్ఫేస్ మీద తేలిక పని ఇచ్చారు.

అక్క చెప్పులు విడవకుండానే విషయం చెప్పింది.

"చెల్లె, ఫిబ్రవరి ఇరవై ఒకటిన కొత్తగూడెంల మెడికల్ బోర్డున్నది. కారుల ఐదారు గంటలు కూసోవాలె. ఈయన అర్ధగంట కూసోలేడు. జర తగ్గియ్యి. గంతే."

"గంతే అంటే?"

"మొత్తం తగ్గియ్యకు. డాక్టర్లు చూడాలె గద. అన్‌ఫిట్ అంటేనే ఈయన నౌకరి మా బిడ్డ కెరోలిన్‌కు ఇస్తరు. జూన్‌ల ఈయనకు యాభై తొమ్మిది నిండుతయి, ఇగ అటెన్క అడుగనియ్యరు."

"చాయ్‌ల చక్కెర చెప్పినట్టు చెప్తున్నవేందే" అని బావ నవ్వాడు. నవ్వితే నడుం పట్టేసింది. బల్ల అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

పడుకోబెట్టి చూశాను. కటి ఎముక ఒక పక్క బిగుసుకుని ఉంది. చుట్టూ కండ తాడులా ఉంది. ఆరేళ్లు ఎంతమంది ఎన్ని బెల్టులు కట్టారో, ఎవరూ వేలు పెట్టి వెతికినట్టు లేదు. నలభై నిమిషాలు పని చేశాను.

జనవరి 27

రెండో సిట్టింగు. గంటన్నర కుర్చీలో కూర్చుని టీవీలో వాక్యం విన్నాడట. కారు ప్రయాణానికి అది సరిపోతుంది. ఇక్కడ ఆపాలి. ఆపుతాను.

జనవరి 28

రెండో పెద్ద జాన్ మార్టిన్ లిటిల్‌జాన్. స్కాట్లండ్ మనిషి, పెద్ద చదువరి. ఒంట్లో బాగాలేక స్టిల్ దగ్గరికి రోగిగా పోయి, బాగై అక్కడే విద్యార్థి అయ్యాడు, పాఠాలు చెప్పాడు, ఆనక లండన్‌లో బడి పెట్టాడు. ఒక రోగి బాగుపడితే ఏమేం అవుతుందో చూడండి అని రాసి, మరీ ఉపదేశంలా ఉందని కొట్టేశాను.

రోగి వివరానికి ఇంకా ఎవరూ దొరకలేదు. వచ్చేవాళ్లంతా రెండుసార్లు వచ్చి మాయమవుతారు.

జనవరి 30

మూడో సిట్టింగు. బావే వస్తానన్నాడు.

ఫిబ్రవరి 4, మంగళవారం

నాలుగోది. మధ్యాహ్నం పన్నెండుంబావుకు నా బొటనవేలి కింద అది కదిలింది. చప్పుడేమీ లేదు. కండ వదిలింది, ఊపిరి వదిలినట్టు. బావ కాసేపు అట్లాగే పడుకుని, "డెబోరా, ఏమో అయింది" అన్నాడు. లేపి నిలబెట్టాను. నిటారుగా నిలబడ్డాడు. నాకంటే ఇంత పొడుగని మరిచేపోయాను. గోడమీద క్యాలెండరు ఆయన కళ్లకు సమానంగా ఉంది. అది చూసి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నా జన్మలో అంత సంతోషపడిన రోజు ఇంకొకటి లేదు, సిగ్గు లేకుండా రాస్తున్నాను.

నొప్పి తగ్గించాను, అంతే.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చిలో సాక్ష్యాల సమయంలో బావ తనంతట తానే లేచాడు. అయ్యగారు మైకు ఇచ్చారు.

"ఆరేండ్లు భూమిని చూసుకుంట నడిసిన. దేవుడు నన్ను లేపిండు. ఇయ్యాల నాకు నొప్పి లేదు. ఎక్కడ అడిగినా, ఎవలడిగినా గిదే చెప్త."

హల్లెలూయాలు, చప్పట్లు. నా పేరు రాలేదు. రాకపోయినా పరవాలేదు. వెనక వరుసలో ఉన్న నేను, "బావా, ఒంగి కాళ్ల వేళ్లు ముట్టి చూపియ్యి" అన్నాను. ముట్టాడు. రెండుసార్లు ముట్టాడు. ముసలి సమ్మవ్వ నా వైపు తిరిగి చేతులు జోడించింది.

అక్క చప్పట్లు కొట్టలేదు.

ఫిబ్రవరి 11

ఉదయం అక్క ఒక్కతే వచ్చింది. ఇద్దరు రోగులు కూర్చుని ఉంటే వాళ్లు పోయేదాకా గుమ్మంలోనే నిలబడింది. తర్వాత తలుపు దగ్గరికి వేసింది.

"నువ్వే తీసినవ్. నువ్వే మల్ల పెట్టు."

"ఏం పెట్టుడు అక్కా?"

"ఎక్కడికెల్లి జరిపినవో గక్కడికే జరుపు. పది రోజులే. బోర్డు అయినంక మల్ల బాగు చేద్దువు."

"అదేమన్న తలుపు గొళ్లెమా, తీసుడు పెట్టుడు?"

"జర తగ్గియ్యుమంటే ఎవల కోసం అంత తగ్గిచ్చినవే?"

నేను స్టిల్ గురించి ఎత్తుకున్నాను. ముగ్గురు పిల్లలను పోగొట్టుకున్నవాడు, మనుషుల బాధ చూడలేక ఈ విద్య పుట్టించినవాడు, అట్లాంటివాళ్ల పేరు చెప్పుకుని బతికేదాన్ని, బాగున్న మనిషిని పాడుచేయలేనని అన్నాను. బాగానే మాట్లాడాననుకున్నాను.

"ఎవలో తెల్లోని పిల్లలు సచ్చిన్రని నా బిడ్డ బతుకు పోవాల్నా?" అంది అక్క.

చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే అక్క మూడు మైళ్లు ఎత్తుకుని దవాఖానకు తీసుకుపోయింది. ఆ అక్కే ఇవాళ నేను పోసిన చాయ్ ముట్టకుండా పోయింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

తలనొప్పి. చర్చికి పోలేదు.

ఫిబ్రవరి 18

కెరోలిన్ వచ్చింది. చౌరస్తాలో మీసేవ సెంటర్‌లో కూర్చుంటుంది, తిండి గంటలో వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లు. బీకాం చదివి, మధ్యలో హైదరాబాద్‌లో దొరికిన రెండు ఉద్యోగాలు వదులుకుంది, నాయిన నౌకరి వస్తుంది కదా అని. అట్లా చెప్పినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

"నిన్ను అనేటందుకు రాలే చిన్నమ్మా."

"అను బిడ్డా. అంటేనే మంచిగుంటది."

"నాయిన సక్కగ నడుసుకుంట ఇంట్లకొచ్చిండు. మస్తు సంతోషమైంది. గంటసేపు. అటెన్క స్నానాల గదిల కూసొని, నాయిన మల్ల వంగాలని ప్రార్థన చేసిన." చున్నీతో ముక్కు తుడుచుకుంది. "గసొంటి ప్రార్థన చేసే బిడ్డ ఉంటదా చిన్నమ్మా?"

నేను దాన్ని దగ్గరికి తీసుకున్నాను. ఇద్దరం కలిసి అది తెచ్చుకున్న టమాట అన్నం తిన్నాం. బోర్డులో ఏం చెప్పాలో నాయినకు నువ్వు చెప్పరాదా అని అడగడానికి వచ్చిందనుకుంటాను. అడగలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఈ రోజే. అక్క ఫోను ఎత్తడం లేదు.

ఫిబ్రవరి 22

ఫిట్.

బావే వచ్చి చెప్పాడు. ఆరు గంటలు కారులో కూర్చున్నా నడుం పట్టలేదట. అది కూడా నాకు మంచి వార్తలాగానే చెప్పాడు.

"పెద్ద డాక్టరు ఒంగుమన్నడు, ఒంగిన. నడువుమన్నడు, నడిసిన. నొప్పున్నదా పెద్దమనిషీ అన్నడు. సంఘంల మైకు పట్టుకొని లేదన్నోన్ని, ఈడికొచ్చి ఉన్నదని ఎట్ల అంటా?"

"అక్కేమన్నది?"

"కారుల ఏం మాట్లాడలే. కెరోలిన్ గూడ. కరీంనగర్ దాటినంక బిడ్డ నా భుజం మీద తల పెట్టుకొని పన్నది." లేచి చెప్పులు వేసుకున్నాడు. "మంచోడే డాక్టరు. సంతోషం అన్నడు."

అన్‌ఫిట్ అనిపించుకోవడానికి అక్కడ క్యూ కట్టిన వందమందిలో, బాగున్నానని నిజం చెప్పింది ఈయనొక్కడే అయి ఉంటాడు. నేను నొప్పి తగ్గించాను, అంతే. అబద్ధం చెప్పవద్దని నేను చెప్పలేదు కదా.

మార్చి 1

బావకు బాయిలోకి ఆర్డరు వచ్చింది. ఫిట్ అన్నవాడికి సర్ఫేస్ పని ఎందుకుంటుంది? సోమవారం నుంచి మొదటి షిఫ్టు. మళ్లీ ఆ దుంగలే.

మార్చి 6

విలియమ్ సదర్లాండ్. పత్రికలో పని చేస్తూ ఈ చదువుకు వచ్చాడు. పుర్రె ఎముకలు కూడా కదులుతాయని అనుమానం. మనిషి ఎవరూ దొరక్క తన తలకే పట్టీలు, బిగింపులు కట్టుకుని ఎక్కడ నొక్కితే ఏమవుతుందో చూసుకున్నాడట. భార్య పక్కన ఉండి మనిషి మారిపోవడం గమనించిందట. ఆయన చెప్పింది నిజమా కాదా అని ఇప్పటికీ వాదులాడుకుంటున్నారు.

ఒక్క మాట మాత్రం వాదన లేకుండా ఒప్పుకోవాలి. ఆయన ప్రయోగం తన తల మీద చేసుకున్నాడు.

మార్చి 12, బుధవారం

రోగి వివరం రాయడానికి కూర్చున్నాను. మొదటి సిట్టింగు తేదీ, రెండోది, మూడోది. మూడో తేదీ దగ్గర పెన్ను ఆగింది. ఈ పుస్తకం తీసి జనవరి 30 చూశాను. బావే వస్తానన్నాడు అని రాసుకున్నాను. ఎవరూ చదవని చోట కూడా అబద్ధం రాసుకునే మనిషిని నేను.

బావ రాలేదు. నేనే ఫోను చేశాను. ఇక చాలు డెబోరా, మీ అక్క వద్దన్నది అన్నాడు. సగంలో వదిలితే ఇంకా పాడవుతుంది బావా అని భయపెట్టాను. అది నిజం కాదు. నాకు నాలుగు సిట్టింగుల రోగి కావాలి. అంతకంటే నా వేలి కింద అది కదిలే క్షణం కావాలి. రెండో రోజే తెలిసిపోయింది, అది కదులుతుందని. తెలిసి ఆపుకోలేకపోయాను.

సాక్ష్యం కూడా అంతే. బావ తనంతట తాను లేవలేదు. ముందురోజు శనివారం నేనే వాళ్లింటికి పోయి, దేవుడు చేసిన మేలు దాచుకుంటావా బావా అన్నాను. అట్లా అంటే ఆయన ఆగలేడని తెలుసు. మైకు ముందు నా పేరు వస్తుందనుకున్నాను. రాలేదు కాబట్టి కాళ్ల వేళ్లు ముట్టమన్నాను.

అక్క అడిగింది కదా, ఎవల కోసం అని. ఇదీ జవాబు.

మార్చి 14

రెండూ పంపాను. వివరంలో చివరి వాక్యం: రోగి పూర్తిగా కోలుకుని తన పాత పనిలో తిరిగి చేరాడు. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఏప్రిల్ 3

సర్టిఫికెట్ వచ్చింది. మంచి మార్కులట. రోగి వివరం మిగతావాళ్లకు చూపించడానికి ఉంచుకుంటామన్నారు. ఫ్రేము కట్టించలేదు. బీరువాలో చీరల కింద పెట్టాను.

ఏప్రిల్ 10, గురువారం

రెండు నెలల తర్వాత అక్క నా గడప తొక్కింది. ముఖంలో వెలుగు. దాన్ని వెలుగు అనవచ్చో లేదో నాకు తెలియదు.

"పట్టేసింది చెల్లె. మొన్న షిఫ్టుల దుంగ ఎత్తుతుంటే. మునుపటి లెక్కనే ఎడమ దిక్కు వంగిండు. ఇంకింత ఎక్కువనే."

"చాలా నొప్పా?"

"పొద్దంత మూలుగుతున్నడు." అని, తన గొంతు తనకే వినిపించిందేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు దించింది. "మల్ల అర్జీ పెట్టినం. మే నెలల ఇంకోసారి బోర్డుకు పిలుస్తరట. గిదే ఆఖరు. నీ దగ్గరికొస్తడు. నేనొద్దన్నా వస్తడు. బాగు చేయించుకునే దారి ఉండంగ చేయించుకోకుండ బోర్డుకు పోతే గది మోసమే అంటడు. నువ్వు రెండు నెలలు ఎటన్న పోరాదు? నస్పూర్‌ల మన పిన్ని ఉన్నది గద."

కట్టుకున్న మనిషి వంగిపోతే సంతోషపడే రోజు అక్కకు వచ్చింది. అది తెచ్చింది నేను. లేచి చాయ్ పోశాను. ఈసారి తాగింది.

ఏప్రిల్ 12

సంచి సర్దాను. మళ్లీ తీసేశాను. పారిపోతే ఆయన ఇంకొకరి దగ్గరికి పోతాడు. లేదా నా కోసం ఎదురుచూస్తూ బోర్డుకే పోడు. ఇన్ని రోజులు ఇంతమంది పెద్దల జీవితాలు చదివాను. ఎవరిని నిలబెట్టారో, ఎవరిని నడిపించారో ఉంది. తెలిసి చెయ్యి వెనక్కి తీసుకున్న రోజు గురించి ఎవరూ రాయలేదు. అట్లాంటి రోజు ఎవరికీ రాలేదా, వస్తే రాసుకోలేదా?

ఏప్రిల్ 16, బుధవారం

బోర్డు తేల్చేదాకా పని తప్పదట, మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. మూడున్నర అయింది. స్నానం చేసినా చెవుల మడతల్లో బొగ్గు అట్లాగే ఉంది. బయట ఎండకు తారు మెత్తబడుతోంది. నాలుగు మెట్లు ఎక్కడానికి నాలుగుసార్లు ఆగాడు. నేను లోపలినుంచి చూస్తూ కూర్చున్నాను, లేచి పట్టుకోలేదు.

"మీ అక్క నిన్ను ఊరికి పొమ్మన్నదట గద" అని నవ్వబోయి ఆగిపోయాడు. "దాని బాధ దానిది. కెరోలిన్ ముఖం చూస్తే నాకు అన్నం పోతలేదు డెబోరా. కని దేవుని ముందర సాక్ష్యం చెప్పినోన్ని, బాగయ్యే దారి ఉండంగ వంకర నడుముతోని నౌకరి అడుగలేను. నీతోని అయితదంటే చేయించుకుంట. కాదంటే ఇగ దేవుని చిత్తం, బోర్డుకు పోత. చూసి చెప్పు."

బోర్లా పడుకోబెట్టాను. చొక్కా పైకి తీసి చేయి పెట్టాను.

ఒక నిమిషం కూడా పట్టలేదు. అదే చోటు. పోయినసారి అంత మొండిగా కూడా లేదు. వారం కిందటిదే కాబట్టి కండ ఇంకా బిగుసుకోలేదు. నాలుగు సిట్టింగులు అక్కరలేదు, పది నిమిషాల పని. బొటనవేలు తనంతట తానే సరైన చోటికి పోయి నిలబడింది. బావ ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నాడు. నేను వేలు తీసేశాను. ఆ తర్వాత పావుగంట, వీపంతా అక్కడా ఇక్కడా ఉత్తుత్తిగా నొక్కాను. ఎక్కడ నొక్కితే ఏమీ కాదో అక్కడే నొక్కాను. అది కూడా నేర్చుకున్న విద్యే మరి.

"నాతోని కాదు బావా" అన్నాను.

"మొన్న అయింది గద."

"ఇది వేరే. లోపల అరిగిపోయింది. ఇగ చేతులతోని కాదు."

"నిజంగనా?"

ఆయన తల పక్కకు తిప్పి నా ముఖంలోకి చూశాడు. నలభై ఏళ్లుగా ఈ మనిషిని చూస్తున్నాను. ఎవరైనా తనకు అబద్ధం చెబుతారని ఆయనకు తోచదు.

"నిజంగనే" అన్నాను.

బావ లేవడానికి చాలాసేపు పట్టింది. నా భుజం మీద బరువంతా వేసి నిలబడ్డాడు. ఆయనలో కోపం లేదు, నిరాశ కూడా పెద్దగా లేదు. మనసులో ముడి ఏదో విడిపోయినట్టే ఉన్నాడు. బోర్డుల అడిగితే చెప్త, మా డెబోరతోని గూడ కాలేదని, అన్నాడు. నిబ్బరంగా చెప్పగలడు ఈసారి. ఆయనకు తెలిసినంతవరకు అది నిజం.

గుమ్మం దగ్గర ఆగి, నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. నాకు బాధగా ఉందనుకున్నాడు, నా విద్య పోయిందని. కళ్లు మూసుకుని అక్కడే ప్రార్థన చేశాడు.

"ప్రభువా, ఈ బిడ్డ ఎందరినో లేపింది. నన్ను లేపలేకపోయిన అని మనసుల పెట్టుకోకుండ చెయ్యి. దీని చేతులకు మల్ల బలమియ్యి."

ఆమెన్ అన్నాను.

మెట్లు దిగి, ఎడమ పక్కకు వంగి, ఎండలో పోయాడు. చౌరస్తా మలుపు దాకా కనిపిస్తూనే ఉన్నాడు. అడుగు తీసి అడుగు వేయడానికి అంతసేపు పడుతోంది. పిలిస్తే వినపడే దూరమే. నేను పిలవలేదు.